రెండు శాతం పరిమితి ఉన్నా ఇంటి పన్ను అక్కడెందుకు ఆగదు?

న్యూజెర్సీలో సొంతిల్లు ఉన్నవాళ్లకు ఆగస్టు వాయిదా రాగానే ఏటా అదే అనుమానం వస్తుంది. రాష్ట్రంలో ప్రాపర్టీ టాక్స్ పెరుగుదలకు 2 శాతం క్యాప్ ఉందని వినే ఉంటారు. బిల్లు చూస్తే పది శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో ఇల్లు కొని రెండు మూడేళ్లయిన తెలుగు కుటుంబాలకు ఇది మరీ కొత్త. మార్ట్‌గేజ్‌తో పాటు ఎస్క్రోలో (పన్ను సొమ్మును బ్యాంకే నెలనెలా తీసుకుని కట్టే ఖాతా) పన్ను కట్టేవాళ్లయితే అసలు బిల్లే చూడరు. నెల వాయిదా పెరిగిందని బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చాకే విషయం తెలుస్తుంది.

ఆ పది శాతంలో కొంత కంటికి కనిపించే మాయ. పన్ను ఏడాదికి నాలుగు వాయిదాలు: ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు. మొదటి రెండూ కట్టే నాటికి ఆ ఏడాది రేటు ఖరారు కాదు కాబట్టి, పోయినేటి పన్నులో పావు వంతు చొప్పున వసూలు చేస్తారు. రేటు తేలాక ఏడాది మొత్తం పెంపు చివరి రెండు వాయిదాల మీదే పడుతుంది. పోయినేడు 12,000 డాలర్లు కట్టిన ఇంటికి ఈ ఏడాది 12,600 అయిందనుకుందాం. ఫిబ్రవరిలో 3,000, మేలో 3,000 కట్టారు. మిగిలిన 6,600 ఆగస్టు, నవంబరుకు 3,300 చొప్పున వస్తుంది. ఏడాది లెక్కలో పెరిగింది 5 శాతం, ఆగస్టు బిల్లులో కనిపించేది 10 శాతం.

ఆ మాయ తీసేసినా 5 శాతం మిగిలే ఉంది. క్యాప్ 2 శాతమైతే ఇది ఎలా వచ్చింది?

క్లుప్తంగా చెప్పాలంటే: క్యాప్ స్థానిక సంస్థ వసూలు చేసే మొత్తం మీద ఉంటుంది, ఒక్కో ఇంటి బిల్లు మీద కాదు. ఆ మొత్తంలోనూ కొన్ని ఖర్చులకు మినహాయింపు ఉంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, వసూలుకు పరిమితి పెట్టేదీ, ఖర్చు తెచ్చిపెట్టే ఆదేశాలిచ్చేదీ ఒకే రాష్ట్ర ప్రభుత్వం. మొదటి పని చేసినంత గట్టిగా రెండోదాన్ని అదుపులో పెట్టిన రాష్ట్రాలు తక్కువ.

పరిమితి దేని మీద?

ఒక సంస్థ ఏడాదికి ప్రాపర్టీ టాక్స్ రూపంలో రాబట్టే మొత్తాన్ని లెవీ అంటారు. న్యూజెర్సీలో ఒక్క ఇంటి మీద ముఖ్యంగా మూడు లెవీలు పడతాయి: స్కూల్ డిస్ట్రిక్ట్‌ది (ప్రభుత్వ బడులు నడిపే స్థానిక సంస్థ), మున్సిపాలిటీది, కౌంటీది (కొన్ని ఊళ్లు కలిసిన జిల్లా లాంటిది). రాష్ట్రం మొత్తం మీద చూస్తే సగానికి పైగా సొమ్ము స్కూళ్లకే వెళ్తుంది. 2 శాతం పరిమితి ఈ మూడింటికీ విడివిడిగా వర్తిస్తుంది.

లెవీ తేలాక దాన్ని ఊళ్లోని ఇళ్లకు, దుకాణాలకు విలువను బట్టి పంచుతారు. ఒక ఊరి లెవీ కోటి డాలర్లు, ఊరి ఆస్తుల విలువ 50 కోట్లు అనుకుందాం. రేటు 2 శాతం. 5 లక్షల ఇంటికి పన్ను 10,000. చాలా ఏళ్ల తర్వాత ఆస్తుల విలువను మళ్లీ లెక్కగట్టారు. ఊరి మొత్తం విలువ 80 కోట్లకు చేరింది. లెవీ మాత్రం క్యాప్ ప్రకారం కోటీ రెండు లక్షలే. అంటే రేటు 1.275 శాతానికి తగ్గింది. ఒకప్పుడు 5 లక్షలే ఉన్న మూడు ఇళ్లను ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. 8 లక్షలకు పెరిగిన ఇంటి పన్ను 10,200. రైలు స్టేషన్ పక్కన ఉండి 9.5 లక్షలకు పెరిగినదాని పన్ను 12,112. ఊరి చివర 7 లక్షల దగ్గర ఆగినదానిది 8,925. ఊరు కచ్చితంగా 2 శాతమే ఎక్కువ వసూలు చేసింది. ఒక ఇంటికి 21 శాతం పెరిగింది, మరో ఇంటికి తగ్గింది.

జెర్సీ సిటీలో 2018లో జరిగింది ఇదే. అంతకుముందు అక్కడ ఆస్తుల విలువను పూర్తిగా సవరించింది 1988లో. ముప్పై ఏళ్లలో నది ఒడ్డున డౌన్‌టౌన్ ఎక్కడికో వెళ్లిపోయింది, నగరంలో కొన్ని పేటలు అక్కడే ఉండిపోయాయి. సవరణతో డౌన్‌టౌన్‌లో చాలామంది బిల్లులు ఒక్కసారిగా ఎగిశాయి, వేరే వార్డుల్లో చాలామందికి తగ్గాయి. తగ్గినవాళ్ల సంగతి వార్తల్లో పెద్దగా రాలేదు.

కాబట్టి పన్ను పెరిగిందని టెన్షన్ పడే ముందు చూడాల్సింది రేటు కాదు. రేటు తగ్గినా బిల్లు పెరగొచ్చు. ఊరి బడ్జెట్‌లో లెవీ ఎంత పెరిగింది, ఊరి సగటుతో పోలిస్తే మన ఇంటి విలువ ఎంత పెరిగింది అన్నవే అసలు లెక్కలు.

లోపలి మినహాయింపులు

న్యూజెర్సీలో 2007లోనే 4 శాతం క్యాప్ ఉండేది, దానికి మినహాయింపులు బోలెడు. 2010లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ హయాంలో దాన్ని 2 శాతానికి దించి, మినహాయింపుల జాబితాను కుదించారు. అయినా కొన్ని మిగిలాయి. అప్పుల మీద వడ్డీ, అసలు చెల్లింపులు, ఒక మేర దాటిన పింఛను, ఆరోగ్య బీమా పెంపు, తుఫాను లాంటి అత్యవసరాలు క్యాప్‌లోకి రావు. ఇవి కాకుండా ఇంకా కావాలంటే ఓటర్లను అడగాలి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. అంతకుముందు చాలా స్కూల్ డిస్ట్రిక్ట్‌లు ఏటా ఏప్రిల్‌లో బడ్జెట్‌ను ఓటుకు పెట్టేవి. బోర్డు ఎన్నికలను నవంబరుకు మార్చుకుని, క్యాప్ లోపల ఉంటే బడ్జెట్ మీద ఓటింగ్ అక్కర్లేదని 2012లో చట్టం వచ్చింది. ఎక్కువ డిస్ట్రిక్ట్‌లు ఆ దారే పట్టాయి. 2 శాతం దాటకూడని గీతగా పెట్టినది, ఎవరినీ అడగకుండా తీసుకోగల వాటాగా మారిందని విమర్శ ఉంది. ఆ విమర్శను కొట్టిపారేయలేం.

అలాగని క్యాప్ పనిచేయలేదనడం తప్పు. 2010లో న్యూజెర్సీలో ఇంటి సగటు పన్ను 7,576 డాలర్లు. 2024లో అది 10,000 దాటింది. వినడానికి భారీగా ఉన్నా, పద్నాలుగేళ్లలో పెరిగింది మూడో వంతు. ఏడాదికి సగటున 2 శాతం పైచిలుకు. చట్టం చెప్పినదానికి చాలా దగ్గర. మరి ఇదే కాలంలో ఖర్చులు 2 శాతంతో ఆగాయా?

ఖర్చు రాసేది ఒకరు, కట్టేది మరొకరు

మున్సిపల్ బడ్జెట్‌ను దగ్గరగా చూస్తే మేయర్, కౌన్సిల్ చేతిలో ఉన్నది కొంచెమేనని తెలుస్తుంది. పింఛను వాటా ఎంతో పైనుంచి లెక్కగట్టి బిల్లు పంపుతారు. ఉద్యోగుల ఆరోగ్య బీమాకు రాష్ట్ర పథకంలో ఉన్న ఊళ్లకు ప్రీమియం నిర్ణయం కూడా ఊరిది కాదు. 2023కి ఆ ప్రీమియంలు ఒక్కసారిగా 20 శాతానికి పైగా పెరిగాయి. చెత్త రీసైక్లింగ్ నుంచి వాన నీటి కాలువల ప్రమాణాల దాకా ప్రతిదానికీ ఒక చట్టం, దాని వెనకే ఖర్చు. ఇలా పని అప్పగించి డబ్బివ్వని ఆదేశాలకే అమెరికాలో ‘అన్‌ఫండెడ్ మాండేట్’ అని పేరు. మన సామెతలో చెప్పాలంటే అత్త సొమ్ము అల్లుడు దానం. చట్టం చేసిన పేరు రాష్ట్రానికి, పన్ను పెంచిన చెడ్డపేరు ఊరికి.

ఈ ఆదేశాలన్నీ అనవసరమని కాదు. వికలాంగులైన పిల్లలకు తగిన చదువు చెప్పించాలన్న 1975 నాటి ఫెడరల్ చట్టాన్ని తప్పుపట్టేవాళ్లు అరుదు. అయితే, సగటున ఒక విద్యార్థి మీద దేశం పెట్టే ఖర్చులో 40 శాతం దాకా తాను ఇస్తానని కాంగ్రెస్ అప్పట్లో పెట్టుకున్న లక్ష్యం ఒక్క ఏడాదీ నెరవేరలేదు. ఇచ్చేది అందులో సగం కూడా లేదు. మిగతాది రాష్ట్రాలు, స్కూల్ డిస్ట్రిక్ట్‌లు, అంటే చివరికి ఇంటి పన్ను కట్టేవాళ్లు భరిస్తున్నారు. ఆటిజం ఉన్న ఒక పిల్లవాణ్ని ప్రత్యేక స్కూలుకు పంపాల్సి వస్తే ఆ ఫీజూ బస్సూ చిన్న డిస్ట్రిక్ట్ బడ్జెట్‌ను కుదిపేస్తాయి. ఆ ఖర్చు వద్దనే అధికారం డిస్ట్రిక్ట్‌కు ఉండదు, ఉండకూడదు కూడా. ప్రశ్న డబ్బు ఎవరిదన్నదే.

ఖర్చు వైపు కూడా క్యాప్ పెట్టే ప్రయత్నం న్యూజెర్సీలో ఒకటి జరిగింది. పోలీసులకు, ఫైర్ సిబ్బందికి సమ్మె హక్కు లేదు. జీతాల చర్చలు తెగకపోతే మధ్యవర్తి తీర్పే ఖాయం. మధ్యవర్తి ఇచ్చే జీతం పెంపు కూడా 2 శాతం దాటకూడదని 2010 చివర్లో చట్టం చేశారు. దాన్ని ఒకసారి పొడిగించారు. 2017 డిసెంబరు 31తో దాని గడువు తీరిపోయింది, మళ్లీ పొడిగించలేదు. వసూలు మీద క్యాప్ మాత్రం అలాగే ఉంది.

‘ఆదేశమిస్తే డబ్బూ ఇవ్వాలి’

న్యూజెర్సీ ఓటర్లు 1995లో రాజ్యాంగ సవరణ ఒకటి ఆమోదించారు: స్థానిక సంస్థల మీద కొత్త ఖర్చు మోపే చట్టం చేస్తే ప్రాపర్టీ టాక్స్ కాకుండా వేరే నిధి రాష్ట్రమే చూపించాలి. చూపించిందో లేదో తేల్చడానికి తొమ్మిది మందితో ఒక మండలి ఏర్పడింది. దాని నిర్ణయం మీద కోర్టుకు అప్పీలు లేదు.

ఆ మండలి ముందుకు వచ్చిన ఒక కేసు విషయాన్ని బాగా విప్పి చూపిస్తుంది. రోడ్డు మీద వాహనాలను ఆపి తనిఖీ చేసేందుకు కొత్తగా కొనే పోలీసు కార్లలో కెమెరా ఉండాలని, లేదంటే పోలీసులకు బాడీ కెమెరాలు ఇవ్వాలని 2014లో చట్టం వచ్చింది. ఖర్చుకు దారి కూడా చూపించారు: తాగి బండి నడిపి శిక్ష పడినవాళ్ల దగ్గర అదనంగా 25 డాలర్లు. డెప్ట్‌ఫర్డ్ టౌన్‌షిప్ లెక్క వేసుకుంటే ఆ పాతిక డాలర్లు ఏ మూలకూ రావని తేలింది. టౌన్‌షిప్ ఫిర్యాదు చేసింది. 2016లో మండలి ఆ ఆదేశం చెల్లదని తేల్చింది. అంతకుముందు 2012లో, స్కూళ్లలో వేధింపులను అరికట్టే చట్టం మీద అల్లమూచీ అనే చిన్న ఊరి స్కూల్ బోర్డు వెళ్లినప్పుడూ ఇదే తీర్పు వచ్చింది. అప్పుడు శాసనసభ కొన్ని వారాల్లోనే 10 లక్షల డాలర్ల నిధి పెట్టి చట్టాన్ని నిలబెట్టుకుంది. మంచి చట్టం పోలేదు, డబ్బు మాత్రం కదిలింది.

ఇంత గట్టి ఆయుధం ఉండి కూడా కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. కారణం ఆ సవరణలోనే ఉంది. ఫెడరల్ చట్టం అమలుకు చేసినవి, ప్రభుత్వానికీ ప్రైవేటుకూ సమానంగా వర్తించేవి, అంతకుముందు నుంచే ఉన్నవి దాని పరిధిలోకి రావు. పింఛను లాంటి పెద్ద తలకాయలు ఎక్కువగా ఆ గోడ అవతలే ఉండిపోయాయి.

ఫెడరల్ స్థాయిలోనూ 1995లోనే అన్‌ఫండెడ్ మాండేట్స్ రిఫార్మ్ యాక్ట్ వచ్చింది. పేరు చూసి నిషేధం అనుకోవద్దు. బిల్లు వల్ల రాష్ట్రాలకు, ఊళ్లకు ఎంత భారమో కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు లెక్క చెప్పాలి, భారం ఒక మేర దాటితే సభలో అభ్యంతరం లేవనెత్తొచ్చు. మెజారిటీ ఉంటే ఆ అభ్యంతరాన్ని తోసేయొచ్చు.

వేరే రాష్ట్రాలు వెళ్లిన దారి

ఈ మొత్తం ఒరవడికి మూలం కాలిఫోర్నియా. 1978 జూన్‌లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 13 ఆస్తి పన్నును విలువలో 1 శాతానికి కట్టేసింది. ఇల్లు చేతులు మారేదాకా పన్ను లెక్కలో దాని విలువ ఏటా 2 శాతానికి మించి పెరగకూడదంది. ఇది న్యూజెర్సీ పద్ధతికి పూర్తిగా భిన్నం. న్యూజెర్సీలో పరిమితి లెవీకి, కాలిఫోర్నియాలో ఇంటికి. ఫలితంగా పాత యజమానికీ పక్కింట్లో కొత్తగా దిగినవాళ్లకూ పన్నులో పోలికే ఉండదు. పక్కవాళ్లకన్నా దాదాపు ఐదు రెట్లు కడుతున్నానని ఒక కొత్త యజమాని వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1992లో ఆ పద్ధతినే సమర్థించింది. సిలికాన్ వ్యాలీలో ఇల్లు కొన్న తెలుగువాళ్లలో ఎదురింటివాళ్ల పన్ను ఆన్‌లైన్‌లో చూసి నిట్టూర్చనివాళ్లు తక్కువే. ఆ ఓటు జరిగిన మరుసటి ఏడాదే, రాష్ట్రం ఆదేశించిన పనులకు రాష్ట్రమే తిరిగి చెల్లించాలని కాలిఫోర్నియా రాజ్యాంగంలో చేర్చారు. చెల్లింపులు ఏళ్ల తరబడి పేరుకుపోవడంతో, డబ్బైనా ఇవ్వాలి లేదా ఆదేశాన్నైనా ఆపాలి అని 2004లో మళ్లీ సవరించాల్సి వచ్చింది.

మసాచుసెట్స్ 1980లో రెండింటినీ ఒకే ఓటులో పెట్టింది. లెవీ పెంపు 2.5 శాతానికి పరిమితం, కొత్త ఆదేశానికి రాష్ట్రం డబ్బివ్వకపోతే ఊరు దాన్ని పాటించనక్కర్లేదు. ఈ జోడింపులోని తెలివి తర్వాతి రాష్ట్రాలకు పెద్దగా అంటలేదు.

న్యూయార్క్ 2011లో మరీ బిగించింది: 2 శాతం, లేదా ద్రవ్యోల్బణం, ఏది తక్కువైతే అది. దాటాలంటే ఊరి బోర్డులో 60 శాతం, స్కూళ్ల విషయంలో ఓటర్లలో 60 శాతం ఒప్పుకోవాలి. న్యూయార్క్ నగరానికి ఇది వర్తించదు. ద్రవ్యోల్బణం అడుగంటిన 2016-17లో స్కూళ్లకు ఈ లెక్క 0.12 శాతానికి పడిపోయింది. 2022లో ధరలు 8 శాతం ఎగబాకినప్పుడు మాత్రం 2 దగ్గరే ఆగింది. ధర దిగితే దిగుతుంది, ఎక్కితే ఎక్కదు. ఇటు ఖర్చు వైపు చూస్తే, పేదల వైద్యానికిచ్చే మెడికెయిడ్‌లో కౌంటీలతో ఇంత వాటా పెట్టించే రాష్ట్రం మరొకటి లేదు. క్యాప్‌కు బదులుగా ఆ వాటాలో పెరుగుదలను 2015 నాటికి రాష్ట్రం తన నెత్తిన వేసుకుంది. అసలు వాటా అలాగే ఉండిపోయింది. నగరంతో కలిపి అది ఏటా 700 కోట్ల డాలర్ల పైమాట.

టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు, కాబట్టి ఆస్తి పన్ను మీద భారం ఎక్కువ. ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు కొత్తగా వెళ్లినవాళ్లకు మొదటి షాక్ ఇదే. 2019 చట్టం ప్రకారం నగరాలు, కౌంటీలు 3.5 శాతం దాటి రాబడి పెంచుకోవాలంటే ఓటర్లను అడగాలి. అది చాలక 2023లో స్కూలు పన్నులో సొంతింటి మినహాయింపును 40,000 నుంచి లక్ష డాలర్లకు, 2025లో లక్షా 40 వేలకు పెంచారు. స్కూళ్లు పోగొట్టుకున్నది రాష్ట్ర ఖజానా పూడుస్తుంది. అదే టెక్సస్, 2023లోనే, ప్రతి స్కూలు క్యాంపస్‌లో సాయుధ గార్డు ఉండాలని చట్టం చేసి, క్యాంపస్‌కు 15,000 డాలర్లు, విద్యార్థికి 10 డాలర్లు ఇచ్చింది. ఒక పోలీసు అధికారి జీతం 15,000 డాలర్లతో తీరదు. ఆ కేటాయింపును 2025లో పెంచారు.

నొక్కితే ఎక్కడ ఉబ్బుతుంది

వసూలు 2 శాతం దగ్గర, తప్పనిసరి ఖర్చులు అంతకు మించి పెరిగితే, మధ్యలో ఉన్నదాన్ని కోయాలి. మొదట కోతపడేది ఎవరికీ వెంటనే కనిపించనిదే: రోడ్ల మరమ్మతు, స్కూలు కప్పు, పాత పైపులు. తర్వాత లైబ్రరీ వేళలు, స్కూల్లో సంగీతం టీచరు. ఆపైన ఫీజులు మొదలవుతాయి. పన్నులో కలిసి ఉన్న చెత్త సేకరణకు విడిగా బిల్లు, పిల్లల ఆటలకు ఫీజు. పన్ను పెరగలేదు, జేబు మాత్రం తేలికైంది.

రెండో ప్రభావం అధికారం పైకి పోవడం. న్యూజెర్సీ ఇప్పుడు సొంతింటివాళ్లకు యాంకర్ పథకం కింద డబ్బు తిరిగిస్తోంది, 65 దాటినవాళ్లకు స్టే ఎన్‌జే పేరుతో సగం దాకా భరిస్తానంటోంది. పన్ను వేసేది ఊరు, ఉపశమనం చెక్కు పంపేది రాష్ట్రం. ఆ చెక్కు కూడా అదే కుటుంబం కట్టిన ఆదాయ పన్ను, సేల్స్ టాక్స్ నుంచే వస్తుంది. బడ్జెట్ బిగుసుకున్న ఏడాది మొదట ఊగేది ఇలాంటి పథకాలే.

మన ఊళ్ల లెక్క

తెలుగు రాష్ట్రాల్లో ఈ సమస్య సగమే ఉంది. పన్ను వైపు ఇక్కడ బాధ వేరు: దేశం మొత్తం మీద ఆస్తి పన్ను వసూలు జీడీపీలో 1 శాతానికి చాలా దూరం. అదనపు అప్పు కావాలంటే పట్టణాల్లో ఆస్తి పన్నును భూమి విలువతో ముడిపెట్టాలని 2020లో కేంద్రం షరతు పెట్టడంతో ఆంధ్రప్రదేశ్ 2021లో అద్దె విలువ పద్ధతి నుంచి మూలధన విలువ పద్ధతికి మారింది. ఏడాదికి పెంపు 15 శాతం మించకూడదని అందులోనే పరిమితి పెట్టుకుంది. న్యూజెర్సీవాళ్లకు 15 శాతం అంటే గుండె ఆగినంత పనవుతుంది, కానీ ఇక్కడ అసలు బిల్లే చిన్నది.

ఆదేశాల వైపు మాత్రం పెద్ద తేడా లేదు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత ప్రతి ఊరికీ నర్సరీ, ట్రాక్టరు, ట్యాంకరు, నాటిన మొక్కలు బతికించే బాధ్యత వచ్చాయి. నెలనెలా గ్రాంటు ఇచ్చారు. అది ఆలస్యమైనప్పుడు ట్రాక్టరు కిస్తీ, డీజిలు, పారిశుధ్య కార్మికుల జీతం ఆగవు కదా. 2024 ఫిబ్రవరిలో పదవీకాలం ముగిసిన సర్పంచుల్లో చాలామంది చేసిన పనుల బిల్లుల కోసం రోడ్డెక్కారు. ఆంధ్రప్రదేశ్‌లో 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధులను కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేసినప్పుడూ సర్పంచులు గోల పెట్టారు.

డెప్ట్‌ఫర్డ్ టౌన్‌షిప్‌కు ఫిర్యాదు చేయడానికి ఒక మండలి ఉంది, దాని తీర్పుకు తిరుగు లేదు. ఇక్కడ రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫారసులు చేస్తుంది, పాటించాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం. ట్రాక్టరు కిస్తీ కట్టలేని పంచాయతీకి మిగిలింది సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి వినతిపత్రం ఇచ్చి రావడమే.